మరుగునపడిన సేనానికి మన ఊళ్లో విగ్రహం: మొదటి అర్జీ నుంచి ముసుగు తీసేదాకా

"మా ఊరాయన ఒకరు యుద్ధంలో బెటాలియన్‌ను నడిపించారు. ఇప్పుడు ఊళ్లో సగం మందికి పేరు కూడా తెలీదు. విగ్రహం పెట్టించాలంటే ఎవర్ని కలవాలి సార్?" ఈ ప్రశ్న ప్రొద్దుటూరు నుంచి వచ్చింది, ధర్మవరం నుంచి వచ్చింది, ఆదోని నుంచి రెండుసార్లు వచ్చింది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం నావల్ల కావడం లేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

కర్నూలులో ఇలాంటి కమిటీతో కొన్నేళ్లు తిరిగినవాణ్ణి. మా మొదటి తప్పు ముందే ఒప్పుకుంటాను. ఉత్సాహం కొద్దీ శిల్పికి అడ్వాన్సు ఇచ్చేశాం. విగ్రహం తయారై వచ్చింది, స్థలం మాత్రం రాలేదు. రెండేళ్లు అది ఒక రైస్‌మిల్లు గోదాములో గోనెపట్టా కప్పుకుని నిలబడింది. అక్కడి హమాలీలు దానికి "మూటల సారు" అని పేరు పెట్టారు. అందుకని కింది వరసను తారుమారు చేయొద్దు. ముందు ఆధారాలు, తర్వాత స్థలం, ఆ తర్వాత డబ్బు, అన్నీ అయ్యాకే కంచు.

## 1. ఫైలు తయారు చేయండి

ఆఫీసులో మొదట అడిగే మాట "ఆయనెవరు?" అనే. దానికి నోటిమాటగా జవాబిస్తే పని అక్కడే ఆగిపోతుంది. ఫైలు చూపించాలి.

స్వాతంత్ర్యం వచ్చాక వీరమరణం పొందినవారి వివరాలు దొరకడం కొంత తేలిక. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద వాళ్ల పేర్లు ఉంటాయి. దళాన్ని నడిపించి, క్షేమంగా తిరిగొచ్చి, ఇంట్లో మంచం మీద కన్నుమూసిన అధికారి పేరు అలాంటి గోడ మీద ఉండదు. మరుగున పడేది ఎక్కువగా వీళ్లే. కాబట్టి పతకం ఒక్కటే వెతక్కండి. ఆయన "ఏ దళానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎక్కడ" నాయకత్వం వహించారో చెప్పే కాగితం కావాలి.

వెతకాల్సిన చోట్లు ఇవి.

- జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. ముందు ఇక్కడికే వెళ్లండి. పింఛను వివరాల ద్వారా రెజిమెంటు తెలుస్తుంది.
- ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసు. మద్రాస్ రెజిమెంటుదైతే వెల్లింగ్టన్‌లో ఉంది. ఉత్తరం కుటుంబసభ్యుల పేరుతో రాస్తే జవాబు త్వరగా వస్తుంది.
- శౌర్య పతకాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే వెబ్‌సైటు. పరమవీర, మహావీర, వీరచక్ర గ్రహీతల ప్రశంసాపత్రాలు అందులో ఉంటాయి.
- రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవారి కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా.
- ఈస్టిండియా కంపెనీ పాలన నాటివారి కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. అంతకన్నా పాతవారైతే కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో కైఫీయతులు, అంటే పాత ఊరి చరిత్రల రాతలు, చూడండి.

ఇక్కడ మన రాయలసీమ జిల్లాలకే ప్రత్యేకమైన చిక్కులు మూడున్నాయి.

మొదటిది ఊరి చిరునామా. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ తాలూకాల నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లినవారి జిల్లా కాగితాల మీద "బళ్లారి, మద్రాసు" అనే ఉంటుంది. కర్నూలు అనో అనంతపురం అనో వెతికితే దొరకరు.

రెండోది స్పెల్లింగు. కడపను ఇంగ్లిషులో ఇప్పటిలా రాయడం 2005 నుంచే మొదలైంది. అంతకుముందు "కుడ్డపా" అని చదివేలా రాసేవారు. మనుషుల పేర్ల సంగతి ఇంకా అన్యాయం. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఫౌజీ గుమాస్తా దాన్నే అసలు పేరు అనుకుంటాడు. ఒక్కో పేరును నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకండి.

మూడోది 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజన. మీ సేనాని పుట్టిన ఊరు ఇప్పుడు నంద్యాలలోనో, శ్రీసత్యసాయిలోనో, అన్నమయ్యలోనో ఉండొచ్చు, పాత దస్త్రాలు మాత్రం పాత జిల్లా కేంద్రంలోనే ఉండొచ్చు. అర్జీ పెట్టేముందు ఏ కలెక్టరేటు పరిధో తేల్చుకోండి.

కాగితం దొరకని ప్రతి విషయాన్నీ ఫైల్లోంచి తీసేయండి. "ఒంటిచేత్తో నూరుమందిని కూల్చారు" లాంటి మాటలు రచ్చబండ దగ్గర బాగుంటాయి. ఫైల్లో అలాంటిది ఒక్కటి అబద్ధమని తేలినా మిగతా నిజాలన్నిటి మీదా అనుమానం పడుతుంది.

ఫైలు పూర్తయిందనడానికి గుర్తులు:

- ఒక్క పేజీ జీవిత వివరం. ప్రతి వాక్యం పక్కన ఆధారం నంబరు
- ఆయన కమాండ్ చేసిన దళం పేరు, తేదీలు
- యూనిఫాంలో ఉన్న ఫొటోలు, కనీసం ఒకటి పక్కవాటుగా ఉన్నది
- అన్ని ఆధారాల నకళ్లు మూడు సెట్లు

## 2. కుటుంబం దగ్గరికి వెళ్లండి

సగం కమిటీలు ఈ మెట్టు దాటేస్తాయి. చివర్లో కొడుకో మనవడో వచ్చి "మమ్మల్ని అడిగారా?" అంటే ఆవిష్కరణ ఆగుతుంది.

ఇద్దరే వెళ్లండి, ఒకరు పెద్దవారై ఉండాలి. మొదటిరోజు సంతకాలు అడగొద్దు. పాత ట్రంకు పెట్టె తెరిపించగలిగితే అదే పెద్ద విజయం. ఉత్తరాలు, పతకాలు, బదిలీ ఆర్డర్లు అందులోనే ఉంటాయి. వాటిని ఇంటికి తెచ్చుకోవద్దు, అక్కడే ఫొటో తీసుకోండి. పతకం పోయిందన్న నింద ఒకసారి పడితే జన్మలో పోదు.

వారసులు ఎంతమంది ఉంటే అందరి దగ్గరా రాతపూర్వక అంగీకారం తీసుకోండి. అన్నదమ్ములకు మాటల్లేకపోతే విడివిడిగా వెళ్లండి. శిలాఫలకం మీద పేరు ఎలా రాయాలో కూడా అప్పుడే రాయించుకోండి.

## 3. కమిటీని రిజిస్టరు చేయండి

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు, తర్వాత పాన్, తర్వాత సొసైటీ పేరున బ్యాంకు ఖాతా.

ఏడుగురిని ఎంచుకోవడంలోనే మీ ఉద్యమం తలరాత ఉంది. మన జిల్లాల్లో విగ్రహం అనగానే జనం మొదట "ఏ కులం?" అనీ, ఆ వెంటనే "ఏ పార్టీ?" అనీ చూస్తారు. కమిటీ అంతా సేనాని కులంవాళ్లే అయితే అది కులసంఘం పని అయిపోతుంది, అవతలివాళ్లు పోటీ విగ్రహం అడుగుతారు. ఇద్దరు మాజీ సైనికులు, ఒక టీచరు, ఒక వకీలు, ఒక వ్యాపారి, ఇద్దరు యువకులు ఉండేలా చూసుకోండి. వేర్వేరు కులాలు, వేర్వేరు పేటలు. పదవిలో ఉన్న నాయకుణ్ణి గౌరవాధ్యక్షుడిగా కూడా పెట్టొద్దు. ప్రభుత్వం మారిన రోజు మీ ఫైలు అటక ఎక్కుతుంది.

## 4. స్థలం

అర్జీలు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. నిదానంగా చదవండి.

రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. "మరి అన్ని సర్కిళ్లలో ఉన్నాయి కదా సార్" అంటారు. చాలావరకు ఆ తేదీకి ముందువి. తర్వాత రాత్రికి రాత్రి వెలిసినవీ ఉన్నాయి, వాటిలో కొన్ని రాత్రికి రాత్రే మాయమయ్యాయి కూడా.

కాబట్టి కడపలో ఏడురోడ్ల కూడలి, కర్నూలులో రాజ్‌విహార్ సెంటర్, అనంతపురంలో టవర్‌క్లాక్ లాంటి చోట్ల మీద ఆశ వదులుకోండి. అక్కడ కావాలని అర్జీ పెడితే "తిరస్కరించడమైనది" అని తిరిగొస్తుంది. ఆ తిరస్కరణ కాగితం తర్వాత మీరు ఏ స్థలం అడిగినా వెంటాడుతుంది.

కోటల దగ్గరా జాగ్రత్త. గండికోట, గుత్తి, సిద్ధవటం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా ప్రత్యేక అనుమతి కావాలి. పాత కాలపు సేనాని అయితే కోట గుమ్మం ఎదురుగా పెట్టాలనిపించడం సహజమే, కానీ టేపు పట్టుకుని కొలవండి.

నా అనుభవంలో పనికొచ్చే స్థలాలు, తేలికైనది ముందు:

1. ఎవరైనా దానంగా ఇచ్చిన ప్రైవేటు స్థలం. సొసైటీ పేరున గిఫ్ట్‌డీడ్ రిజిస్టరు చేయించాలి. నోటిమాట దానం వద్దు. దాత పోయాక కొడుకులు కంచె వేస్తారు.
2. ఆయన చదివిన ప్రైవేటు లేదా ఎయిడెడ్ విద్యాసంస్థ ఆవరణ. యాజమాన్యం తీర్మానం కావాలి.
3. సైనిక సంక్షేమానికి చెందిన ప్రాంగణం.
4. మున్సిపల్ పార్కు లోపల. కౌన్సిల్ తీర్మానం, ఆపైన కలెక్టరు అనుమతి రెండూ ఉండాలి.

స్థలం ఏదైనా, అది ప్రైవేటుదైనా, కలెక్టరుకు రాయండి. అక్కడి నుంచి పోలీసు, ఆర్ అండ్ బి, మున్సిపాలిటీ లేదా పంచాయతీ అభిప్రాయాలు అడుగుతారు. ఒక్క శాఖ జవాబు రాకపోయినా ఫైలు కదలదు. మేం ఏ శాఖకు ఏ తేదీన ఉత్తరం వెళ్లిందో ఒక నోటుబుక్కులో రాసుకుని, పదిహేను రోజులకోసారి ఒకే మనిషిని పంపేవాళ్లం. మనిషి మారితే గుమాస్తాకు మళ్లీ మొదటి నుంచి కథ చెప్పాలి.

రెండు నెలలైనా కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయిలో రుసుము 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. "మా ఫైలు ప్రస్తుతం ఎవరి దగ్గర, ఎన్ని రోజులుగా ఉంది?" అని మాత్రమే అడగండి. దెప్పిపొడుపు మాటలు రాయొద్దు, ఆ గుమాస్తాతోనే రేపు మళ్లీ పని పడుతుంది.

## 5. అర్జీ, ప్రచారం

అర్జీ ఒక్క పేజీ. మొదటి పేరాలో ఏం కావాలి, రెండోదాంట్లో ఆయన ఎవరు, మూడోదాంట్లో స్థలం సర్వే నంబరు, నాలుగోదాంట్లో ప్రభుత్వం నుంచి డబ్బు అడగడం లేదన్న మాట. ఈ చివరి మాటను వదిలేయొద్దు, అధికారి ముఖంలో సగం బిగువు తగ్గేది దానితోనే. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రచారం ధర్నాతో మొదలుపెట్టొద్దు. ఎవరికీ తెలియని మనిషి కోసం ధర్నా చేస్తే రోడ్డున పోయేవాడు "ఎవరికి అన్యాయం జరిగింది?" అని అడిగి వెళ్లిపోతాడు. ముందు పేరు తెలియాలి.

ఇందుకు లండన్ వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో 11వ గ్రూపు విమానదళాన్ని నడిపిన కీత్ పార్క్ న్యూజిలాండ్ మనిషి, జనం దాదాపు మరిచిపోయారు. ఆయన విగ్రహం కోరినవాళ్లు 2009 నవంబరులో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఖాళీగా ఉన్న దిమ్మె మీద ముందు తాత్కాలికంగా ఫైబర్ బొమ్మ నిలబెట్టారు. ఆరు నెలలు జనం చూశారు, ఎవరీయన అని అడిగారు. 2010 సెప్టెంబరులో వాటర్లూ ప్లేస్‌లో శాశ్వతంగా కంచు విగ్రహం వచ్చింది.

మనకు అలాంటి ఖాళీ దిమ్మె ఎవరూ ఇవ్వరు. దానికి బదులు పది ఫొటోలు, రెండు మ్యాపులు, ఆయన ఉత్తరం ఒకటి పెద్దవి చేయించి ఊరూరా తిప్పే ప్రదర్శన తయారుచేయండి. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, డిసెంబరు 16 విజయ్ దివస్, జనవరి 15 సైనిక దినోత్సవం. ఈ మూడూ దగ్గర దగ్గరగా వస్తాయి. ఆ నలభై రోజుల్లో హైస్కూళ్లు, జూనియర్ కాలేజీలు తిరగండి. ఒక మాజీ సైనికుడు ఇరవై నిమిషాలు మాట్లాడితే చాలు. పిల్లలు ఇంటికెళ్లి చెప్తారు.

సంతకాలు సేకరిస్తే పేరు, ఊరు రాయించండి. ఒకే చేతిరాతతో నాలుగు పేజీలు నిండితే చూసినవాళ్లు నవ్వుతారు. మాకు ఒక పేజీ అలాగే వచ్చింది, చించేశాం.

## 6. డబ్బు

అనుమతి కాగితం చేతికొచ్చాకే పెద్ద మొత్తాలు వసూలు చేయండి. అంతదాకా తిరుగుడు ఖర్చులు కమిటీ సభ్యులవే.

- ప్రతి రూపాయికీ రసీదు. పుస్తకం నంబర్లు వేసి అచ్చు వేయించండి.
- పన్ను మినహాయింపు, అంటే అందరూ 80జి అనేది, కావాలనే దాతలుంటే ముందే ఆడిటరును కలవండి. నగదుగా 2000 రూపాయలు దాటి ఇస్తే దానికి మినహాయింపు రాదు.
- అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారైతే ఫర్వాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, కింద అనుమతి లేకుండా తాకొద్దు. మామూలుగా మూడేళ్లు నిండని సొసైటీకి ఆ రిజిస్ట్రేషనే దొరకదు. బాధపడకుండా వాళ్లకు నమస్కారం పెట్టేయండి.
- మొత్తంలో పదో వంతు విగ్రహం పెట్టాక నిర్వహణకు పక్కన పెట్టండి.

ఒక్కరే మొత్తం ఇస్తానంటే ఆలోచించండి. ఫలకం మీద ఆయన పేరు సేనాని పేరుకన్నా పెద్దదిగా పడుతుంది.

## 7. శిల్పి దగ్గర

రాతి విగ్రహమైతే మనకు ఆళ్లగడ్డ ఉంది, దూరం పోనక్కర్లేదు. కాకపోతే దేవతామూర్తులు చెక్కిన చెయ్యి వేరు, యూనిఫాం మడతలు చెక్కిన చెయ్యి వేరు. మనుషుల విగ్రహాలు చేసినవి చూపించమనండి. పూర్తయినవాటిని ఎండలో నిలబడి చూడండి, ఫోన్లో కాదు.

కంచు విగ్రహాల్లో మోసం ఎక్కువ. ఫైబర్ మీద కంచు రంగు కొట్టి అప్పగించినవి ఉన్నాయి. ఒప్పందంలో ఇవి రాయించండి: లోహం మిశ్రమంలో రాగి ఎంత శాతం, పోత మందం ఎన్ని మిల్లీమీటర్లు, మొత్తం బరువు ఎంత. తెచ్చేరోజు లారీని వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. తూకం చీటీ చూశాకే చివరి వాయిదా.

వాయిదాలు నాలుగు. ఒప్పందం రోజు కొంత, మట్టి నమూనా ఆమోదించాక కొంత, పోత అయ్యాక కొంత, దిమ్మె మీద నిలబెట్టాక మిగతాది.

మట్టి నమూనా రోజే అసలు పరీక్ష. మైనపు అచ్చు, కంచు పోత దశలకు వెళ్లాక మార్పంటే మళ్లీ డబ్బే. ఆ రోజు ముగ్గురు వెళ్లాలి. ముఖం చూడటానికి కుటుంబంలోంచి ఒకరు, యూనిఫాం చూడటానికి మాజీ సైనికుడు, ఫైలు పట్టుకుని ఒకరు. మా మాజీ సుబేదారు గారు పాకలోకి అడుగుపెట్టగానే "ఈ భుజం ఎవరిది?" అన్నారు. శిల్పి సినిమా ఫొటో చూసి హోదా గుర్తులు వేశాడు.

ఆయన చూసినవి మీరూ చూడండి.

- భుజం మీద గుర్తులు. మేజరుకు అశోక సింహాల చిహ్నం మాత్రమే. లెఫ్టినెంట్ కల్నల్‌కు దానితో ఒక నక్షత్రం, కల్నల్‌కు రెండు, బ్రిగేడియర్‌కు మూడు. కెప్టెన్‌కు చిహ్నం లేదు, మూడు నక్షత్రాలే.
- కాలం. 1950 జనవరి 26కు ముందు సింహాల స్థానంలో కిరీటం ఉండేది. 1947-48 కశ్మీరు యుద్ధం నాటి అధికారి భుజం మీద సింహాలు వేస్తే తప్పు.
- ఏ హోదాలో చూపించాలి? రిటైరైన హోదానా, యుద్ధంలో ఉన్న హోదానా? రెండోదే సరైనదని నా అభిప్రాయం. మనం గుర్తు చేసుకుంటున్నది ఆ యుద్ధంలోని మనిషిని.
- పతకాలు, రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద. ఆ యుద్ధం తర్వాత వచ్చిన పతకాలు వద్దు.
- టోపీ వాలు ఎటు, బ్యాడ్జి ఏ రెజిమెంటుది.

కత్తి యుద్ధాల నాటి సేనాని అయితే ఎవరో ఒకరు "గుర్రం రెండు కాళ్లు ఎత్తాలి, యుద్ధంలో చనిపోయినట్టు గుర్తు" అంటారు. అలాంటి నియమమేదీ లేదు. ఎత్తిన కాళ్లకు లోపల ఇనుప ఆసరా ఎక్కువ కావాలి, ఖర్చూ ఎక్కువే.

## 8. దిమ్మె, శిలాఫలకం

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ మామూలు పునాది వేస్తే రెండో వేసవికే దిమ్మె పక్కకు ఒరుగుతుంది. నెర్రెలు దిగే లోతు దాటి పునాది వెళ్లాలి, సివిల్ ఇంజనీరు చేత గీయించండి. అనంతపురం ఎర్రనేలల్లో ఈ బాధ తక్కువ.

ముఖం తూర్పుకు ఉంటే ఉదయపు వెలుగు పడుతుంది, ఉత్తరానికి ఉంటే ఏడాదిలో చాలాకాలం ముఖం నీడలో ఉంటుంది. వాస్తు మాట్లాడేవాళ్లకు కూడా తూర్పు అభ్యంతరం ఉండదు, గొడవ తప్పుతుంది. ఆరుబయట నిలువెత్తు విగ్రహం చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి మనిషికన్నా కొంచెం పెద్దదిగా చేయించండి.

ఫలకానికి ఐదు వరుసలు చాలు. పేరు, పుట్టిన ఊరు, నడిపిన దళం, యుద్ధం, తేదీలు. పైన నాలుగు సింహాల రాజముద్ర వేయొద్దు, దాని వాడకానికి 2005లో చేసిన చట్టం ఉంది. అచ్చుతప్పులు ముగ్గురు చూడాలి. రాయి చెక్కాక "సేనాని" "సేనని" అయిందని గుర్తిస్తే దిద్దడానికి దారి లేదు, కొత్త రాయే.

## 9. ముసుగు తీసే రోజు

తేదీ పెట్టేముందు ఎన్నికల షెడ్యూలు చూసుకోండి. కోడ్ వస్తే కార్యక్రమం ఆగుతుంది, ముసుగుతోనే నెలలు గడుస్తాయి.

ముసుగు తాడు సేనాని ఇంటివాళ్ల చేతికివ్వండి. వేదిక మీద కుర్చీలు తక్కువ వేయించండి. మాజీ సైనికులను ముందు వరసలో కూర్చోబెట్టండి. మంత్రిగారు ఆలస్యమైతే ఎంతసేపు ఆగాలో కమిటీ ముందే తీర్మానించుకోవాలి, లేకపోతే ముసలివాళ్లు మధ్యాహ్నం ఎండలో పడిపోతారు.

## 10. ఆ తర్వాత

కంచు విగ్రహానికి పాలాభిషేకం చేయనివ్వొద్దు. పాలు పులిసి లోహం మీద మరకలు పడతాయి, చీమలు పడతాయి. జయంతికి ముందురోజు ఎవరో అభిమాని బంగారు రంగు డబ్బా పట్టుకొస్తాడు, అతన్ని ఆపడానికి ఒక మనిషిని పెట్టండి.

- ఏడాదికి రెండుసార్లు నీళ్లు, మెత్తని సబ్బు, మెత్తని గుడ్డ. ఆరాక పలుచగా మైనం పూత.
- దండ వేయడానికి విడి నిచ్చెన. విగ్రహం చెయ్యి పట్టుకుని ఎక్కనివ్వొద్దు.
- పాదాల దగ్గర నీరు నిలవకుండా సన్నని రంధ్రం ఉందో లేదో ఏటా వానలకు ముందు చూడాలి.
- ఫ్లెక్సీలు కంచె బయటే.
- గేటు తాళంచెవులు రెండు. ఒకటి సొసైటీ కార్యదర్శి దగ్గర, రెండోది విగ్రహానికి ఎదురుగా ఉన్న టీ కొట్టు అతని దగ్గర. మాది అలాగే ఉంది. కాకుల రెట్ట కనిపిస్తే మాకు ఫోన్ చేసేది కూడా అతనే.